వేలంవెఱ్ఱి

మన భాషలో వేలంవెఱ్ఱి యని యొక మాట కలదు. ఒకడు కొనెనని మఱియొకడు, వాడు కొనెనని వేఱొకడు, ఒకే వస్తువుపై విరుచుకొని పడుటను మనము ఆ మాటతో ఎగతాళి చేయుదుము. పాశ్చాత్య ఆర్థిక శాస్త్రజ్ఞులు ఇదే విషయమును గూర్చి గత యేబది సంవత్సరములుగా లెక్కలు కట్టి, ప్రయోగములు చేసి, దానికి 'విజేత శాపము' అని పేరిడిరి. శాపము బయటినుండి తగులునది. వెఱ్ఱి లోపలినుండి పుట్టునది. పాట గెలిచినవాడు వస్తువు విలువను మించి ఏల చెల్లించునని విచారించినచో ఈ రెండు పేర్లును సార్థకములే యని తోచును. శాపము లెక్కలో నున్నది. వెఱ్ఱి మనసులో నున్నది. రెండును కలిసినచోట సొమ్ము పోవును.

పెనుగొండ వాసవీ కన్యకాపరమేశ్వరి వెలసిన క్షేత్రము, ఆర్యవైశ్యులకు పుణ్యస్థలము. తూకమును, ధరను, వడ్డీని ఎఱిగిన యూరు. ఈ ప్రాంతపు గృహస్థునకు వేలము కొత్త కాదు. పంచాయతి చెఱువులో చేపలు పట్టుకొను హక్కు, దేవాలయ భూముల కౌలు, సంతలో ఆశీలు వసూలు చేయు హక్కు, గట్టుమీది కొబ్బరిచెట్ల ఫలసాయము, ఇవన్నియు పాటకు వచ్చునవే. ధరావత్తు కట్టుట, సర్కారువారి పాటతో మొదలిడుట, 'ఒకటోసారి, రెండోసారి, మూడోసారి' యని ముగించుట, ఈ క్రమము మన పిల్లలకు సైతము కంఠస్థము.

అయితే ఊరి వేలమునందలి దోషము వేఱు. అచట పాటదారులందఱును ఒకరినొకరు ఎఱిగినవారు. ముందుగనే చెట్టుక్రింద కూడి, ఈ యేడు చెఱువు నీకు, వచ్చు నేడు నాకు అని కుమ్మక్కై, పాటను పైకి పోనీయక నిలుపుదురు. నష్టపోవునది పంచాయతియో, దేవాలయమో. సర్కారువారి పాటయను కట్టుబాటు పుట్టినది ఈ కుమ్మక్కునకు అడ్డుకట్టగనే. ఇంటర్నెట్టు వేలములో ఈ దోషము తలక్రిందులగును. అచట పాటదారులు ఒకరినొకరు ఎఱుగరు, ముఖములు చూడరు, కుమ్మక్కగుటకు చెట్టు లేదు. అందువలన అచట నష్టపోవువాడు అమ్మువాడు కాదు, కొనువాడు.

1995 సెప్టెంబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో పియర్ ఒమిడ్యార్ అను యువకుడు ఇంటర్నెట్టుపై ఒక వేలపు అంగడిని తెఱచెను. తరువాత ఈబే అను పేరుతో ప్రసిద్ధమైనది ఇదియే. అచట మొదట అమ్ముడుపోయిన వస్తువు చెడిపోయిన లేజరు పాయింటరు. 14 డాలర్ల 83 సెంట్లు పలికినది. ఇది పనిచేయదని మీకు తెలియునా యని ఒమిడ్యార్ అడుగగా, చెడిన లేజరు పాయింటర్లనే తాను సేకరించుచున్నానని కొన్నవాడు బదులు చెప్పెనట. ఆ వ్యాపారపు భవిష్యత్తంతయు ఆ యొక్క జవాబులో నున్నది. ఊరిలో ఎవ్వరికిని అక్కఱలేని వస్తువునకు ప్రపంచములో ఎక్కడనో ఒక్కడు ఆశపడువాడు ఉండును; వానిని వెదకి పట్టుకొనుటయే ఈ వేలము చేయు పని. ఈబే 2004లో బాజీ యను భారతీయ సంస్థను కొని మన దేశమునకు వచ్చెను. 2018 ఆగస్టులో దాని భారతీయ అంగడి మూతపడినది. అయినను దాని అమెరికా అంగడి తలుపులు మన దేశపు సేకర్తలకు తెఱచియే యున్నవి.

ఈ అంగడిలో పాత నాణెములు, తపాలా బిళ్లలు, గడియారములు ఎట్లో, మడత చాకులు కూడ అట్లే సేకర్తల ఆదరమునకు పాత్రములు. మడత చాకు మనకు పరాయి వస్తువు కాదు. మామిడికాయ కోయుటకు, పెన్సిలు చెక్కుటకు, పురికొస త్రెంపుటకు మన తాతల జేబులలో నుండినదే. తాంబూలపు పెట్టెలోని అడకత్తెరవలె అదియు పనిముట్టు. పని తీఱిన పిమ్మట అపురూప వస్తువైనది. దానిని కోరి కొనుటలో తప్పు లేదు. దానికి ఎంత యిచ్చుచున్నాము, ఏల యిచ్చుచున్నాము అనునదే ప్రశ్న.

ఒక ఉదాహరణము చూతము. అమెరికాలో కేస్ అను సంస్థవారి చాకులకు సేకర్తలలో మిక్కిలి పేరు. అలుగు మొదట కొట్టిన ముద్రనుబట్టి అది ఏనాటిదో చెప్పవచ్చును. 1940 నుండి 1964 వఱకు ఒక ముద్ర. 1965 నుండి 1969 వఱకు దానికి దేశము పేరు చేర్చిన ముద్ర. 1970లో ముద్రక్రింద పది చుక్కలు. ఆ తరువాత ఏడాదికొక చుక్క తీసివేయుచు వచ్చిరి. 1971లో తొమ్మిది, 1972లో ఎనిమిది, ఇట్లు 1979 నాటికి ఒక్క చుక్క మిగిలినది. ఒకే మాదిరి చాకును ఈ పదేండ్లవి పది తెచ్చి ముందు పెట్టినచో మామిడికాయకు వానిలో భేదము తెలియదు. సేకర్తకు తెలియును. తొమ్మిది చాకులు సంపాదించి, ఏడు చుక్కల చాకు ఒక్కటి దొరకక తపించువాడు, అది వేలమునకు వచ్చిననాడు కొనునది చాకును కాదు. తన పెట్టెలోని ఖాళీ గడిని. ఆ గడికి బజారులో ధర లేదు. అతని మనసులోనే యున్నది. అట్టివారు ఇద్దఱు ఒకే వేలములో తారసిల్లినచో ధర ఎచట ఆగునో చెప్పజాలము.

ఇక వస్తువు గుణము సంగతి. చాకు తెఱచునపుడును మూయునపుడును వినవచ్చు 'టక్కు'మను చప్పుడు, పిడిలోని కదలిక, ఎన్ని పర్యాయములు సానపట్టగా అలుగు ఎంత అరిగినదో, ముద్ర అసలైనదో తరువాత కొట్టినదో, ఇవి చేతబట్టి చూచినగాని తేలవు. ఫోటోలో కనబడునవి కొన్నియే. కావున పాడు ప్రతివాడును ఊహించియే పాడును. ఇచటనే శాపము ప్రవేశించుచున్నది.

దానిని మన బజారు భాషలో చెప్పుకొందము. ఒక పెద్ద పనసకాయను నలుగురు తిరుగు చోట పెట్టి, ఇందులో తొనలెన్ని యని ఇరువదిమందిని అడిగినచో, కొందఱు తక్కువ చెప్పుదురు, కొందఱు ఎక్కువ చెప్పుదురు. సగటు నిజమునకు దగ్గరగా నుండవచ్చును. కాని ఆ పనసకాయనే వేలము వేసినచో అది సగటు మనుష్యునకు పోదు. అందఱికంటె ఎక్కువ తొనలున్నవని భ్రమించినవానికే పోవును. వాడు మూర్ఖుడు కానక్కఱలేదు. అందఱును బుద్ధిమంతులే యైనను, వారిలో అందఱికంటె ఎక్కువగా పొరపడినవానిని ఏఱి తీయుట వేలము స్వభావము. గెలుపే పొరపాటునకు సాక్ష్యము.

1983లో మాక్స్ బేజర్మన్, విలియం శామ్యూల్సన్ అను ఆచార్యులు ప్రచురించిన ప్రయోగము దీనిని రుజువు చేసినది. ఒక్కొక్కటి 8 డాలర్ల విలువగల జాడీలను వారు బోస్టన్ నగరమందలి వ్యాపారశాస్త్ర విద్యార్థులకు చూపి, విలువ ఊహింపుడనిరి. పిమ్మట వేలము వేసిరి. విద్యార్థుల ఊహ సగటున 5 డాలర్ల 13 సెంట్లు మాత్రమే. అనగా అందఱును కలిసి విలువను తక్కువగనే ఎంచిరి. అయినను గెలిచిన పాటల సగటు 10 డాలర్ల 1 సెంటు. గుంపు తక్కువ యెంచినను గెలిచినవాడు ఎక్కువ చెల్లించెను.

చమురు కంపెనీలు సైతము ఈ శాపమునకు లోనైనవే. మెక్సికో సింధుశాఖలో సముద్రగర్భమందలి చమురుక్షేత్రములను వేలములో పాడుకొన్న కంపెనీలకు ఆశించిన లాభము రాకుండుటకు కారణమేమని అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీకి చెందిన ముగ్గురు ఇంజనీర్లు 1971లో ఒక వ్యాసమున విచారించిరి. భూగర్భశాస్త్రజ్ఞులు, యంత్రములు, కోట్ల పెట్టుబడి యున్నను, గెలిచిన కంపెనీ తఱచుగా అందఱికంటె ఎక్కువగా ఊహించిన కంపెనీయే. వారు తేల్చిన సూత్రము విపరీతముగా కనబడును గాని నిజము: పాటదారులు ఎంత ఎక్కువమంది యున్న, నీ పాటను అంత తగ్గించుకొనుము. మన స్వభావము దీనికి సరిగా విరుద్ధము. గుంపును చూచినంతనే, ఇందఱు ఆశించుచున్నారన్న ఇది ఎంత గొప్ప వస్తువో అని మనము మఱికొంత పెంచుదుము.

శాపము ఇంతవఱకు. ఇక వెఱ్ఱి సంగతి. వస్తువు విలువ తెలియనప్పుడు పొరపడుట సహజమని క్షమింపవచ్చును. విలువ కన్నులయెదుట వ్రాసియున్నను మించి పాడువానిని ఏమనవలెను? యంగ్ హాన్ లీ, ఉల్రికె మాల్మెండియర్ అను ఇరువురు పరిశోధకులు 2011లో ప్రచురించిన పరిశీలనలో ఈబేపై అమ్ముడుపోవు ఒక బల్లయాట పెట్టెను తీసికొనిరి. అదే పెట్టె, అదే సమయమున, అదే పుటలో, వేలము లేకుండ నిర్ణీతమైన ధరకు దొరకుచుండెను. అయినను నూటికి 42 వేలములలో తుది పాట ఆ నిర్ణీత ధరను దాటినది. ఇతర వస్తువులను పరిశీలింపగా నూటికి 48. ఇంకొక విశేషము గమనింపదగినది. ధరను దాటి పాడినవారు పాటదారులలో నూటికి 17 మంది మాత్రమే. అనగా అధిక సంఖ్యాకులు బుద్ధిమంతులే. కాని వేలపు ధరను నిర్ణయించునది వారు కారు. వేలము ఒక జల్లెడ. బుద్ధిమంతులు రంధ్రములగుండ క్రిందికి జాఱిపోవుదురు. వెఱ్ఱివాడు పైన నిలుచును.

ఆ వెఱ్ఱి పుట్టు మార్గములు మూడు. మొదటిది, కాక మునుపే నాదియను భావము. మూడుదినములు తన పాటయే పైన నిలిచినచో, ఆ చాకు తన పెట్టెలోనే యున్నట్లు పాటదారు భావించును. నాలుగవదినమున వేఱొకడు పైకి పాడగా, కొనుటలేదను బాధ కాదు, పోగొట్టుకొనుచున్నాననెడు బాధ కలుగును. రెండవది పంతము. ఎదుటివాని పేరు తెలియదు, ఊరు తెలియదు. అయినను వానిపై కోపము వచ్చును. మూడవది గడియారము. ఊరి వేలములో 'మూడోసారి' యనుటకు ముందు ఎవడైన నోరు విప్పినచో లెక్క మఱల మొదటికి వచ్చును. ఆలోచించుటకు వ్యవధి దొరకును. ఈబేలో గడువు ముగియగనే వేలము ముగియును. అందువలన చివరి క్షణములలో పాటలు ముసురుకొనును. అమెజాన్ సంస్థ ఒకప్పుడు నడిపిన వేలములలో చివరి పాట పిమ్మట గడువు పొడిగించెడివారు. అచట ఈ తొందర చాల తక్కువగా నుండెనని ఆల్విన్ రోత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ అను శాస్త్రజ్ఞులు 2002లో చూపిరి. అమెరికా తూర్పుతీరమున వేసవినాటి రాత్రి ఎనిమిదింటికి ముగియు వేలము మనకు తెల్లవాఱుజామున అయిదున్నరకు ముగియును. నిద్రలేమితో, చేత ఫోనుతో, క్షణములు లెక్కించుచు పాడు పాటలో వివేకమునకు చోటెక్కడిది?

ఈ బలహీనతలను అమ్మువాడు ఎఱుగును. వస్తువును మిక్కిలి తక్కువ ధరకు మొదలిడుట ఒక ఉపాయము. ఒక డాలరుకే మొదలైనదని చాలమంది చేరుదురు. చేరినవారిని చూచి మఱికొందఱు చేరుదురు. తుదకు ఎక్కువ ధరకు మొదలైనదానికంటె పై ధర పలుకుట కలదు. 2006లో వెలువడిన ఒక పరిశోధన ఈ సంగతినే స్థాపించినది. మన సర్కారువారి పాట ధరను క్రింద పడనీయదు. వీని తక్కువ పాట ధరను పైకి దూకించును. తనవానినే పాటదారుగా నిలిపి దొంగపాట పాడించుట రెండవ ఉపాయము. నియమములు దానిని నిషేధించినను మోసగాండ్రకు నియమములతో పని లేదు. పాత నోట్లు, నాణెములు కొందుమని, అమ్మి పెట్టుదుమని తమ పేరు వాడుకొని రుసుములు గుంజుచున్నవారిని గూర్చి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరింపవలసి వచ్చెను. సేకర్త ఆశ ఎచట నుండునో దొంగ దృష్టి అచట నుండును.

ఇంత చెప్పినమాత్రమున, హెచ్చుపాట పాడిన ప్రతివాడును వెఱ్ఱివాడని మా అభిప్రాయము కాదు. హైదరాబాదు చెంతనున్న బాలాపూరులో గణేశుని లడ్డూను 1994లో మొదట వేలము వేసినపుడు 450 రూపాయలు పలికినది. 2024లో అదే వేలము 30 లక్షల 1 వేయి రూపాయలకును, 2025లో 35 లక్షలకును ముగిసినది. ఇరువదియొక్క కిలోల తీపి పదార్థమునకు అది ధర కాదని పాడినవానికిని తెలియును, చూచినవారికిని తెలియును. అచట కొనబడునది భక్తి, కీర్తి, పదిమందిలో నిలుచు గౌరవము. ఆ సొమ్ము గ్రామాభివృద్ధికి పోవును. పాడినవాడు లడ్డూను ఇరుగుపొరుగులకు పంచి, పొలములో చల్లుకొని, తృప్తి పొందును. గోదావరి వఱదనీటికి ఎదురీదివచ్చు పులస కూడ ఇట్టిదే. యానాములో ఒక్క చేప ఇరువదివేల రూపాయలు దాటి పలికిన సందర్భములు ఇటీవలి సంవత్సరములలో కలవు. పుస్తెలమ్మియైన పులస తినవలెననెడు సామెతను నమ్మి కొన్నవాడు ఆ పూట విందు కుడిచి, పదిమందికి పెట్టి, చెప్పుకొనును. తెలిసి యిచ్చినది దానము, వేడుక, గౌరవము ఏదైన కావచ్చును. తెలియక యిచ్చినదే నష్టము. చాకు కొన్నవాడు లోకమంతకు తెలియునట్లు కొనలేదు, పదిమందికి పంచలేదు, మఱుసటి నెల అమ్మజూపినపుడు సగము ధరకు అడుగువాడు లేక తెల్లబోవును.

ఉమ్మడి పశ్చిమగోదావరి మెట్టప్రాంతపు పొగాకు వేలములను చూచినవారికి మఱియొక సత్యము తెలియును. అచట కొనువాడు ఆకును చేతబట్టి, నలిపి, వాసన చూచి, రంగు నెంచి పాడును. ఎగుమతి ధర ఎంతయో, తనకు కావలసినదెంతయో వానికి తెలియును. పాట తన లెక్కను దాటినంతనే మాఱుమాటాడక తరువాతి బేలు దగ్గఱకు నడచును. ఒక బేలు పోయినందుకు వాడు నిద్రపోకుండుట లేదు. వర్తకునకు వస్తువు మఱల అమ్ముటకై యున్నది. సేకర్తకు దాచుకొనుటకై యున్నది. మఱల అమ్మవలసినవాని చేతిలో త్రాసు ఉండును. దాచుకొనువాని చేతిలో కోరిక ఒక్కటియే యుండును. ఈ భేదమే ఒకనిని కాపాడి, ఒకనిని ముంచుచున్నది.

చాకు సంగతి ధనికుల వేడుక యని త్రోసివేయరాదు. అదే వెఱ్ఱి మన యింటి గడపలోనికి వచ్చు దారి పాట చీటీ. లక్ష రూపాయల చీటీని ముప్పదివేలు తోసి పాడినవానికి చేతికి వచ్చునది డెబ్బదివేలు. పెండ్లి ఖర్చుకో, ఎరువుల బాకీకో అక్కఱయున్న ఇద్దఱు ఒకేనెలలో పోటీపడినచో, తోపుడు వేలకు వేలుగా పెరుగును. ఎదుటివానికి చీటీ పోనీయరాదను పంతముతో పాడినవాడు మఱునాడు కాగితము, కలము తీసి లెక్క వేసినచో, తాను ఎంత వడ్డీకి అప్పు తెచ్చుకొన్నట్లైనదో తెలియును. చాకు పాడినవాడు పోగొట్టుకొనునది వేడుక సొమ్ము. చీటీ పాడినవాడు పోగొట్టుకొనునది సంసారపు సొమ్ము.

కావున పాటకు పోవువారికి నాలుగు మాటలు. పాటకు ముందే, మనసు చల్లగానున్నపుడు, మన తుది ధరను కాగితముపై వ్రాసి యింటిలో ఒకరికి చూపవలెను. ఆ ధరను అమ్మజూపువారి కోరికలనుబట్టి కాక, అట్టి వస్తువులు నిజముగా అమ్ముడుపోయిన ధరలనుబట్టి నిర్ణయింపవలెను. దూరదేశపు వస్తువైనచో తపాలాఖర్చు, సుంకము, డాలరు మారకము ముందే కలిపి చూచుకొనవలెను. గెలిచిన పిమ్మట కలుపువాడు రెండుసార్లు ఓడును. ఇంటర్నెట్టు వేలములో ఆ తుది ధరను ఒక్కసారి నమోదు చేసి లేచిపోవలెను. ఈబే యంత్రము ఆ హద్దులోపల మనకు మాఱుగా పాడుచు, రెండవవాని పాటకు ఒక్క మెట్టు పైన నిలుపును. కావున హద్దు నిజముగా చెప్పినవానికి నష్టము లేదు. ఇట్టి వేలములో మనసులోని ధరను ఉన్నదున్నట్లు చెప్పుటయే మేలని విలియం విక్రీ 1961లోనే నిరూపించెను. 1996లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. క్షణక్షణము చూచి, పది డాలర్లు, పది డాలర్లుగా పెంచువాడే వెఱ్ఱికి దొరకును.

వేలము చెడ్డది కాదు. ధర తెలియని వస్తువునకు ధర తేల్చుటకు మనుష్యుడు కనిపెట్టిన పద్ధతులలో అది మిక్కిలి పురాతనమైనది, బహిరంగమైనది. కాని అది అమ్మువాని పక్షమున నిలిచిన న్యాయస్థానము. అచట కొనువాని తరఫున వాదించుటకు వాడు ఇంటినుండి తెచ్చుకొన్న అంకె తప్ప వేఱు వకీలు లేడు. 'మూడోసారి' యని సుత్తి కొట్టువాడు పాట ఎచట ముగిసినదో చెప్పును. మనము ఎచట ముగింపవలసి యుండెనో చెప్పడు. అది మనమే ముందుగా చెప్పుకొని రావలెను.